లిబ్రేఆఫీస్ బేస్‌కు ఏ ఇంజిను మేలు? ఒక గ్రంథాలయ జాబితా దృష్టితో సమీక్ష

లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోని రైటర్, కాల్క్ గురించి తెలుగులో ఎంతో కొంత రాసినవారున్నారు గాని, అదే పెట్టెలో ఉచితంగా వచ్చే, పట్టికలతో జాబితాలు కట్టే బేస్ గురించి మాట్లాడేవారు తక్కువ. చిన్న గ్రంథాలయం, అపార్ట్‌మెంటు సంఘం, పాఠశాల ఆఫీసు వంటి చోట్ల నిజంగా అవసరపడేది మాత్రం అదే. పుస్తకాలకు ఒక పట్టిక, సభ్యులకు ఒక పట్టిక, ఎవరు ఏ పుస్తకాన్ని ఎప్పుడు తీసుకున్నారో తెలిపే మూడో పట్టిక, వాటి పైన నింపడానికి వీలుగా రెండు మూడు ఫారాలు ఉంటే చాలా రిజిస్టర్లు మూలకు చేరతాయి. అందుకని ఈ సమీక్షకు కొలబద్దగా గ్రంథాలయ జాబితానే తీసుకున్నాను. పట్టికల పేర్లు, కాలమ్‌ల పేర్లు, లోపలి వివరాలు అన్నీ తెలుగులోనే ఉంచాను. ఇక్కడ నేను పరిశీలిస్తున్నది బేస్ పైకి కనబడే తీరును కాదు, దాని కింద వివరాలను దాచిపెట్టే ఇంజినును: పాత హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీని, కొత్త ఫైర్‌బర్డ్‌ను, బయట ఉన్న ఎస్‌క్యూలైట్‌ను.

బేస్ స్వయంగా డేటాబేస్ కాదన్న సంగతి మొదట చెప్పుకోవాలి. అది ఫారాలు, క్వెరీలు (కావలసిన వివరాలను ఏరి తెమ్మని అడిగే వాక్యాలు), రిపోర్టులు చూపే ముందుభాగం మాత్రమే. వివరాలు వేరే సర్వర్‌లో ఉండవచ్చు, లేదా డాక్యుమెంటులోనే ఇమిడిపోయిన చిన్న ఇంజినులో ఉండవచ్చు. ఈ రెండో పద్ధతినే ఎంబెడెడ్ డేటాబేస్ అంటున్నాం. సర్వర్ పెట్టి నడిపే ఓపిక, మనిషి లేని చోట ఇదే దిక్కు. ఇలాంటి ఇంజిను సెకనుకు ఎన్ని వేల వరుసలు చదవగలదన్నది గ్రంథాలయానికి పట్టని విషయం. ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి పట్టుకెళితే మరో కంప్యూటర్లో తెరుచుకోవాలి, మధ్యలో కరెంటు పోతే వివరాలు మిగలాలి, పదేళ్ల తరవాత కూడా చదవగలగాలి. ఆఫీసు డాక్యుమెంటు నుంచి ఎవరైనా కోరుకునేవి ఇవే కాబట్టి, ఇంజినుల మంచిచెడ్డలను కూడా వీటితోనే తూచాను.

లిబ్రేఆఫీస్‌కు పూర్వరూపమైన ఓపెన్‌ఆఫీస్ 2.0 వెర్షను 2005 అక్టోబరులో వచ్చినప్పుడు బేస్ దానితోపాటే పుట్టింది, ఇంజినుగా హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 1.8 వచ్చింది. అప్పటి పరిస్థితుల్లో అది తెలివితక్కువ ఎంపిక ఏమీ కాదు. ఓపెన్‌ఆఫీస్‌ను పోషిస్తున్న సన్ మైక్రోసిస్టమ్స్‌దే జావా అనే ప్రోగ్రామింగ్ భాష, ఈ ఇంజిను పూర్తిగా జావాలో రాసినది, లైసెన్సు ఎవరైనా వాడుకోనిచ్చే బీఎస్‌డీ తరహాది కనుక ఎవరికీ పేచీ లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఫైళ్లను చదివే, రాసే భాగాన్ని బయటివారు తమకు తగినట్టు మార్చుకునే వీలు 1.8 వెర్షనులో కల్పించారు. డిస్కు మీది మామూలు ఫైళ్లకు బదులు డాక్యుమెంటు లోపలే ఇంజిను రాసుకునేలా చేయడానికి ఆ వీలే ఉపయోగపడింది.

దాని ఫలితాన్ని కళ్లతో చూడవచ్చు. బేస్ సేవ్ చేసే ఓడీబీ ఫైలు నిజానికి జిప్ మూట. దానికి ఒక నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పితే, ఫారాలు, క్వెరీల వివరాలున్న ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్ల పక్కన డేటాబేస్ అనే ఫోల్డరు ఒకటి కనబడుతుంది. అందులో స్క్రిప్ట్ అనే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పట్టికల నిర్మాణమంతా మామూలు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) వాక్యాలుగా చదువుకోవచ్చు. పుస్తకాల వివరాలు మాత్రం పక్కనే ఉన్న డేటా అనే బైనరీ ఫైల్లో ఉంటాయి. కాలమ్‌లకు తెలుగు పేర్లు పెట్టినవారికి స్క్రిప్ట్ ఫైలు కొంచెం విచిత్రంగా కనబడుతుంది. అందులో తెలుగు అక్షరాలుండవు, ఒక్కో అక్షరానికీ దాని యూనికోడ్ సంకేత సంఖ్య వరుసగా పేర్చి ఉంటుంది. కంటికి ఇంపుగా లేకపోయినా దానివల్ల నష్టమేమీ లేదు. బేస్‌లో తెరిస్తే మళ్లీ తెలుగే కనబడుతుంది, పేరు ఎంత పొడవున్నా పేచీ రాదు. ఈ ఒక్క విషయంలో పాత ఇంజినే కొత్తదానికన్నా నయమని కాసేపట్లో తేలుతుంది.

ఇక లోపాలు. మొదటిది జావా. బేస్‌లో ఎంబెడెడ్ ఫైలు తెరవాలంటే కంప్యూటర్లో జావా ఉండాలి, విండోస్‌లో అయితే లిబ్రేఆఫీస్ 64 బిట్లదైతే జావా కూడా 64 బిట్లదే అయి ఉండాలి. ఈ లంకె తెలియని మనిషికి ఎదురయ్యే సందేశం ‘జావా దొరకలేదు’ అనే, అప్పటికే జావా ఉన్నా సరే. 2005లోనే ఈ జావా ఆధారం మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వర్గాల్లో గట్టి విమర్శ వచ్చింది. సన్ తన జావాను జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేయడం 2006 నవంబరులో మొదలయ్యాక సిద్ధాంతపరమైన అభ్యంతరం చల్లబడింది గాని, వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టుకోవలసిన తలనొప్పి అలాగే మిగిలింది.

రెండోది మరీ పెద్దది. హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 2010లో 2.0 వెర్షనుకు వెళ్లి, ఎస్‌క్యూఎల్ ప్రమాణాలకు బాగా దగ్గరై, లావాదేవీల (ఒక్కటిగా పూర్తికావలసిన మార్పుల) విషయంలో ఎంతో మెరుగుపడింది. బేస్‌లో ఉన్నది మాత్రం నేటికీ 1.8 మాత్రమే. కొత్త వెర్షను పాత ఫైలును తెరవగలదు, కానీ ఒకసారి తెరిచి తన పద్ధతికి మార్చుకున్న తరవాత ఆ ఫైలు పాత వెర్షనుకు పనికిరాదు. అంటే ఇంజినును మార్చిన రోజు నుంచి, కొత్త లిబ్రేఆఫీస్‌లో సేవ్ చేసిన జాబితా పాత లిబ్రేఆఫీస్ ఉన్న పక్క కంప్యూటర్లో తెరుచుకోదు. ఆఫీసు డాక్యుమెంటుకు అది తగదు కనుక ఇంజిను ఉన్నచోటే నిలిచిపోయింది. ఒకేసారి జరిగే లావాదేవీలు ఒకదానిలో ఒకటి తలదూర్చకుండా ఎడం పాటించడంలో 1.8 అన్నిటికన్నా కింది మెట్టునే ఇవ్వగలదు. ఒక్కరే కూర్చుని నింపుకునే జాబితాకు దానివల్ల వచ్చే ఇబ్బంది తక్కువేననుకోండి.

ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి 2010 సెప్టెంబరులో లిబ్రేఆఫీస్ మొదలైంది. జావా మీద ఆధారాన్ని తగ్గించుకోవాలన్నది ఆ బృందానికి మొదటినుంచీ ఉన్న ఆలోచన. అందుకు వారు ఎంచుకున్నది ఫైర్‌బర్డ్. బోర్లాండ్ సంస్థ తన ఇంటర్‌బేస్ సోర్సును 2000లో బయటపెట్టినప్పుడు దాని నుంచి పుట్టిన డేటాబేస్ ఇది. సీ ప్లస్ ప్లస్‌లో రాసినది, సర్వర్‌గానూ నడుస్తుంది, ప్రోగ్రాములో ఇమిడి కూడా నడుస్తుంది, లైసెన్సు మొజిల్లా తరహాది. 2014 జనవరిలో వచ్చిన లిబ్రేఆఫీస్ 4.2లో దీన్ని ప్రయోగాత్మకంగా చేర్చారు. 2018 ఆగస్టులో వచ్చిన 6.1లో కొత్త డేటాబేస్‌లకు ఇదే సహజ ఎంపిక అని, హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ ఇక సెలవు తీసుకోబోతున్నదని ప్రకటించి, పాత ఫైళ్లను మార్చే సహాయకుణ్ణి (విజార్డును) కూడా ఇచ్చారు. ఆ తరవాత వెనకడుగు పడింది. నేటి వెర్షన్లలో ప్రయోగాత్మక సౌకర్యాలను సెట్టింగుల్లో తెరిస్తే తప్ప ఫైర్‌బర్డ్ కనబడదు, కొత్త ఫైలు మొదలుపెడితే వచ్చేది మళ్లీ పాత హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీయే.

కాగితం మీద చూస్తే ఫైర్‌బర్డ్‌దే పైచేయి. కాలమ్ రకాల విషయంలో నిక్కచ్చిగా ఉంటుంది. తేదీ అంటే తేదీ, డెసిమల్ అంటే డెసిమల్. సభ్యత్వ రుసుము, ఆలస్య రుసుము లెక్కలు పైసలతో సహా సరిపోతాయి. క్రమసంఖ్య తనంతట తాను పెరిగే కాలమ్‌కూ, అవును-కాదు కాలమ్‌కూ 3.0 వెర్షనులో సరైన ఏర్పాటు వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా జావా అక్కర్లేదు.

తెలుగులో పేర్లు పెట్టేవారికి ఇక్కడే ఒక చిక్కుంది. లిబ్రేఆఫీస్‌లో చేర్చినది ఫైర్‌బర్డ్ 3.0 వరుస. ఆ వరుసలో పట్టిక పేరైనా కాలమ్ పేరైనా 31 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు కనుక వాళ్లకు 31 అక్షరాలు దక్కుతాయి. తెలుగులో ప్రతి సంకేతానికీ యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతిలో) మూడు బైట్లు, గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు మూడు, సున్నాకు మూడు. ‘పుస్తకం’ అన్న మాటలో ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్నా కలిపి ఏడు సంకేతాలు, అంటే 21 బైట్లు. దాని పక్కన ఖాళీ ఒక బైటు, ‘పేరు’కు నాలుగు సంకేతాలు, 12 బైట్లు. మొత్తం 34. గ్రంథాలయ జాబితాలో మొట్టమొదటి కాలమ్‌కు ఎవరైనా పెట్టే ‘పుస్తకం పేరు’ అన్న పేరే మూడు బైట్లు మించిపోతుంది. ‘గ్రంథకర్త’ 27 బైట్లతో ఎలాగో ఇరుకుతుంది, ‘గ్రంథకర్త పేరు’ ఇరకదు. ఫైర్‌బర్డ్ 4.0లో ఈ హద్దును 63 అక్షరాలకు పెంచి, బైట్ల లెక్కను తీసేశారు. అది లిబ్రేఆఫీస్‌లోకి వచ్చేవరకు కాలమ్‌కు పొట్టి పేరు పెట్టి, ఫారం మీద కనబడే శీర్షికను మాత్రం కావలసినంత పొడవుగా రాసుకోవడమే మార్గం.

లోపలి వివరాలకు ఇంత ఇరుకు లేదు. యూటీఎఫ్-8 పెట్టుకున్న వార్చార్ (అక్షరాలు దాచే రకం) కాలమ్‌లో 8191 అక్షరాల దాకా పడతాయి. పుస్తకం పేరుకే కాదు, దాని మీద చిన్న పరిచయానికి కూడా అది చాలు.

పాత ఫైలును ఫైర్‌బర్డ్‌కు మార్చే సహాయకుడు పట్టికలను, వాటిలోని వరుసలను తరలిస్తాడు. క్వెరీలు మాత్రం డాక్యుమెంటులో రాసిపెట్టిన వాక్యాలుగానే ఉండిపోతాయి, రెండు ఇంజినుల ఎస్‌క్యూఎల్ యాస ఒక్కటి కాదు. గ్రంథాలయానికి అత్యవసరమైన క్వెరీనే తీసుకుందాం: పుస్తకం తీసుకుని 15 రోజులు దాటినా తిరిగి ఇవ్వనివారి జాబితా. తీసుకున్న తేదీకీ నేటి తేదీకీ మధ్య రోజులు లెక్కపెట్టే డేట్‌డిఫ్ అనే ఫంక్షను రెండింటిలోనూ ఉంది. హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 1.8లో రోజులు అని చెప్పడానికి డీడీ అనే పొట్టి అక్షరాలను కొటేషన్ గుర్తుల్లో పెట్టి ఇవ్వాలి, ఫైర్‌బర్డ్‌లో డే అన్న మాటను ఆ గుర్తులు లేకుండా ఇవ్వాలి. తేడా ఇంతే, కానీ తరలింపు తరవాత ఆ క్వెరీ నడవదు, దాని మీద కట్టుకున్న రిపోర్టూ నడవదు. ఎస్‌క్యూఎల్ తెలిసినవారు ఒక్కొక్కటీ తెరిచి దిద్దుకుంటారు. ఎవరో స్నేహితుడు కట్టి ఇచ్చిన ఫైలును వాడుకునే గ్రంథాలయ నిర్వాహకుడికి అది అయ్యే పని కాదు. ప్రకటించిన మార్పును వెనక్కి తీసుకోవడం బృందానికి అప్రతిష్ఠ అనిపించవచ్చు గాని, ఉన్న ఫైళ్లను కాపాడుకునేవారి వైపు నుంచి చూస్తే ఆ వెనకడుగే సరైనది.

ఇంత చెప్పాక, ఎస్‌క్యూలైట్ ఎందుకు కాదు అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. 2000లో మొదలైన ఈ చిన్న లైబ్రరీ పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే లైసెన్సు చర్చే లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో ఉంది, పైథాన్‌తోపాటు వస్తుంది. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు, ఆ ఫైలు ఏ ప్రాసెసరు మీదైనా అలాగే తెరుచుకుంటుంది. 2050 దాకా తోడుంటామని దాని నిర్మాతలు మాటిచ్చారు. వివరాలను చిరకాలం దాచుకోవడానికి సిఫారసు చేసే ఫార్మాట్లలో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దీన్ని చేర్చింది. గ్రంథాలయ జాబితాకు ఇంతకు మించిన యోగ్యతాపత్రం ఏముంటుంది?

అయినా బేస్ అడిగే తీరుకూ ఎస్‌క్యూలైట్ ఇచ్చే తీరుకూ పొసగదు. బేస్ ఫారం ప్రతి కాలమ్‌ను ముందు ‘నీది ఏ రకం’ అని అడుగుతుంది. తేదీ అయితే క్యాలెండరు చూపాలి, అంకె అయితే కుడివైపు సర్దాలి. ఎస్‌క్యూలైట్‌లో తేదీ అనే రకమే లేదు, తేదీని అక్షరాలుగానో అంకెగానో దాచుకోవాలి. డెసిమల్ అని ప్రకటించినా పైసలతో కూడిన మొత్తం ఫ్లోటింగ్ అంకెగానే, అంటే ఉజ్జాయింపుగానే, లోపలికి వెళుతుంది. మామూలు పట్టికలో అంకె ఉండవలసిన చోట అక్షరాలు రాస్తే అలాగే పుచ్చుకుంటుంది. కచ్చితమైన రకాలు పాటించే స్ట్రిక్ట్ పట్టికలు 2021లో వచ్చాయి గాని, వాటిలోనూ తేదీ, డెసిమల్ రకాలు లేవు. పట్టికల మధ్య సంబంధాలను కాపాడే నియమం కూడా సహజంగా ఆపేసి ఉంటుంది. కనెక్షను తెరిచిన ప్రతిసారీ దాన్ని వేయకపోతే, తీసుకున్న పుస్తకాలు ఇంకా ఇవ్వని సభ్యుణ్ణి పట్టిక నుంచి తీసేసినా ఇంజిను నోరు మెదపదు. పుస్తకాలు మాత్రం ఆ లేని మనిషి పేరు మీదే ఉంటాయి.

తెలుగు అకారాది క్రమం సంగతి కూడా చెప్పాలి. ఎస్‌క్యూలైట్ సహజంగా బైట్ల వరుసలోనే పేర్చుతుంది. యూనికోడ్ పట్టికలో ఱ అక్షరం ర వెంటనే, ళ అక్షరం ల వెంటనే ఉంటాయి కనుక, మన వర్ణమాలలో హ తరవాత రావలసిన ళ ఇక్కడ వ కన్నా ముందే వచ్చేస్తుంది. ఐసీయూ (భాషలవారీగా అక్షర క్రమాన్ని చూసే లైబ్రరీ) వంటి తోడును కలిపి కడితే తప్ప ఈ వరుసను మార్చలేం. ఫైర్‌బర్డ్‌లో ఐసీయూ మీద ఆధారపడిన యూనికోడ్ క్రమం ముందే ఉంది కనుక ఆ దారి కనీసం తెరిచి ఉంటుంది. పేర్ల మధ్యలో ళ వచ్చే పుస్తకాలు నాలుగైదు మించని చిన్న జాబితాలో ఇది ఎవరికీ కనబడకపోవచ్చు. పెద్ద నిఘంటువు తయారుచేసేవారికి మాత్రం నిద్ర పట్టదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటుంది. బేస్ కష్టాలకు మూలం ఇంజిను ఎంపికలో లేదు, డేటాబేస్‌ను జిప్ మూటలో పెట్టి తీరాలన్న నిర్ణయంలో ఉంది. ఉత్తరాన్ని మూటకట్టవచ్చు, సేవ్ నొక్కినప్పుడు మొత్తం మళ్లీ రాసి మూసేస్తే సరిపోతుంది. డేటాబేస్ ఉన్నదే ఫైలులో ఒక మూలను మాత్రం మార్చి, ఆ మార్పు డిస్కుకు చేరిందని వెంటనే హామీ ఇవ్వడానికి. జిప్ లోపల కూర్చోబెడితే ఆ హామీ పోతుంది. హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ ఎంత జాగ్రత్తగా రాసినా, ఓడీబీ ఫైలు తిరిగి మూటకట్టేవరకు ఆ రాత డాక్యుమెంటులోకి చేరదు. ఈలోగా ప్రోగ్రాము కూలితే ఎక్కించిన వరుసలు గల్లంతయ్యే ప్రమాదముంది. ఫైర్‌బర్డ్ విషయంలో ఇది ఇంకా స్పష్టం. దాని అసలు ఫైలు ఒక ప్రాసెసరు తరహా నుంచి మరోదానికి నేరుగా పోదు కనుక, ఓడీబీలో దాని బ్యాకప్‌నే దాస్తారు. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఆ బ్యాకప్‌ను తాత్కాలిక ఫోల్డరులో విప్పి డేటాబేస్‌గా నిలబెట్టాలి, సేవ్ చేసిన ప్రతిసారీ మళ్లీ పూర్తి బ్యాకప్ తీసి మూటలో పెట్టాలి. ఒక సభ్యుడి ఫోన్ నంబరు దిద్దినా జరిగేది ఇదే. దశాబ్దాలుగా నమ్మకంగా నడిచిన ఇంజినును తెచ్చి, దాని నమ్మకాన్ని గుమ్మం బయట వదిలి లోపలికి రమ్మన్నట్టయింది.

దీనికి వేరే పద్ధతి ఉందని చూపినది లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వర్గపు కెక్సీ. కాలిగ్రా ఆఫీసుతోపాటు పెరిగిన ఆ ప్రోగ్రాములో కెక్సీ ఫైలంటే ఎస్‌క్యూలైట్ ఫైలే. డాక్యుమెంటులో డేటాబేస్‌ను పెట్టడానికి బదులు, ఫారాలను, క్వెరీలను ఆ డేటాబేస్‌లోనే ప్రత్యేక పట్టికల్లో దాస్తారు. ఫైలు ఒక్కటే, పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోవచ్చు, వరుస మార్చగానే డిస్కుకు చేరుతుంది. రకాల విషయంలో ఎస్‌క్యూలైట్ వదులుతనాన్ని కెక్సీ తానే పైనుంచి కట్టడి చేస్తుంది. దానికి లిబ్రేఆఫీస్‌కు ఉన్నంత అండ లేకపోవడం వల్ల విండోస్ కంప్యూటర్లున్న మన ఆఫీసుల్లో అది కనబడదు గాని, నిర్మాణం మట్టుకు దానిదే సరైన దారి.

ఇప్పుడు మొదలుపెట్టేవారికి నా సిఫారసు ఇది. జాబితా చిన్నదైతే, నింపేది ఒక్కరే అయితే, హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ ఎంబెడెడ్ ఫైలు పనికివస్తుంది. జావా పెట్టుకోండి, ఫారంలో వరుస ఎక్కించిన తరవాత ఊరుకోకుండా బేస్ ప్రధాన కిటికీలో కూడా సేవ్ నొక్కండి, రోజూ తాళం వేసేముందు ఓడీబీ ఫైలుకు తేదీ పేరుతో ఒక నకలు తీసిపెట్టండి. ఫైర్‌బర్డ్‌ను ప్రయోగాత్మక జాబితా నుంచి తీసేవరకు, అదీ 4.0 లేదా ఆ పైది చేరేవరకు, తెలుగు పేర్లతో కట్టే అసలు రికార్డుకు నేను దాన్ని వాడను. కొంచెం సాంకేతిక సాయం దొరికేవారు మాత్రం మూట జోలికే పోనక్కర్లేదు. హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 2 వరుసను విడిగా దింపుకుని, డేటాబేస్ ఫైళ్లను ఓడీబీ పక్కనే ఒక ఫోల్డరులో ఉంచి, జేడీబీసీ (జావా ప్రోగ్రాములను డేటాబేస్‌కు కలిపే వంతెన) ద్వారా బేస్‌ను దానికి కలిపితే, అవే ఫారాలు, అదే తెరతో పనిచేస్తూ వివరాలు మాత్రం ఎప్పటికప్పుడు డిస్కు మీద పదిలంగా ఉంటాయి. అప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించవలసింది ఓడీబీ ఒక్కటే కాదు, ఆ ఫోల్డరును కూడా. ఎక్కించేముందు బేస్‌ను పూర్తిగా మూసేయాలి.